ఎత్తు, వేగం తెలిసినప్పుడు గడియారానికి సాపేక్షతా సవరణ లెక్కించడం ఎలా?

విశాఖపట్నం తీరంలో రెండు పరమాణు గడియారాలను పక్కపక్కన ఉంచి ఒకదానితో ఒకటి సరిచూసి, తరువాత ఒకదాన్ని అక్కడే ఉంచి రెండోదాన్ని దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయకు చేర్చామనుకుందాం. రెండు యంత్రాలూ ఏ లోపమూ లేకుండా పనిచేసినా, అరకులోని గడియారం రోజుకు సుమారు ఎనిమిదిన్నర నానోసెకన్లు ముందుకు పోతుంది. నానోసెకను అంటే సెకనులో నూరు కోట్లవ వంతు. సాధారణ సాపేక్షతా సిద్ధాంతం చెప్పే ఈ తేడా ఒకప్పుడు పుస్తకాల్లోని చర్చకే పరిమితమై ఉండేది. ఇవాళ ఉపగ్రహాల సాయంతో స్థానాన్ని తెలిపే ప్రతి పరికరంలోనూ, ప్రామాణిక కాలాన్ని నిలబెట్టే ప్రతి ప్రయోగశాలలోనూ దానిని లెక్కలోకి తీసుకోక తప్పదు.

ఆ లెక్కను స్వయంగా ఎలా చేయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. ఇంటర్మీడియట్ స్థాయి గణితమూ, ఘాతాంకాలు చూపగల సాధారణ క్యాలిక్యులేటరూ ఉంటే చాలు. అయితే ఇలాంటి లెక్కలు తప్పడానికి గుణకార భాగహారాల కన్నా ఎక్కువగా కారణమయ్యేది మరొకటి ఉంది: ఏ గడియారాన్ని దేనితో పోలుస్తున్నామో తేల్చుకోకుండానే అంకెలు వేయడం. అందువల్ల మొదటి మెట్టుగా నిర్వచనాలను చూసి, ఆ తరువాతే అంకెల్లోకి దిగడం మంచిది.

ముందుగా: ఏ కాలాన్ని కొలుస్తున్నాం?

సెకనుకు ఇప్పుడున్న నిర్వచనాన్ని తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 1967లో ఆమోదించింది. అంతకుముందు కొంతకాలం భూమి సూర్యుని చుట్టూ తిరిగే కాలాన్ని ఆధారంగా తీసుకున్నారు. దానికన్నా ముందు సగటు సౌర దినంలో 86,400వ వంతును సెకనుగా లెక్కించేవారు. 1967 నిర్వచనం ప్రకారం, సీజియం-133 పరమాణువు తన కనిష్ఠ శక్తి స్థితిలోని రెండు అతిసూక్ష్మ స్థాయిల మధ్య మారేటప్పటి వికిరణం 9,19,26,31,770 ఆవర్తనాలు పూర్తిచేయడానికి పట్టే కాలమే ఒక సెకను. ఈ నిర్వచనంలో స్థలం ప్రసక్తి ఎక్కడా లేదన్నది గమనించాలి. తీరంలోనైనా, కొండపైనైనా, కక్ష్యలో తిరిగే ఉపగ్రహంలోనైనా, సీజియం పరమాణువు పక్కనే ఉండి ఆ ఆవర్తనాలను లెక్కపెట్టేవారికి వచ్చేది అసలైన సెకనే.

అందుకే అరకులో సెకను పొట్టిదనీ, విశాఖలో పొడుగుదనీ అనడం సరికాదు. సెకను రెండు చోట్లా ఒక్కటే. రెండు గడియారాలూ విడిపోయిన క్షణానికీ, మళ్ళీ కలిసిన క్షణానికీ మధ్య ఒక్కొక్కటి లెక్కపెట్టిన సెకన్ల సంఖ్య మాత్రం వేరుగా ఉంటుంది. కొలమానం మారలేదు, కొలిచిన మొత్తం మారింది. కాలం నెమ్మదిస్తుంది అని జనరంజక రచనల్లో తరచు చదువుతుంటాం. దేనితో పోల్చినప్పుడు నెమ్మదిస్తుందో చెప్పకపోతే ఆ వాక్యానికి అర్థం నిలవదని నా దృఢమైన అభిప్రాయం.

ఒక గడియారం తన ప్రయాణంలో తాను లెక్కపెట్టిన కాలాన్ని స్వకాలం అందాం. వేర్వేరు చోట్ల జరిగే సంఘటనలన్నిటికీ ఒకే పద్ధతిలో వేళ కేటాయించడానికి అందరూ ఒప్పుకున్న కొలబద్దను నిరూపక కాలం అందాం. చేతిలోని గడియారం చూపేది స్వకాలం. భారత ప్రామాణిక కాలం, దానికి మూలమైన సమన్వయ విశ్వకాలం, దానికీ మూలమైన అంతర్జాతీయ పరమాణు కాలం, ఇవన్నీ నిరూపక కాలాలు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నిర్వహించే భారత ప్రామాణిక కాలం సమన్వయ విశ్వకాలానికి ఐదున్నర గంటలు ముందుంటుంది; సమన్వయ విశ్వకాలం 2017 జనవరి 1 నుంచి పరమాణు కాలానికి 37 సెకన్లు వెనక ఉంది. ఈ 37 సెకన్లకు సాపేక్షతతో సంబంధం లేదు. భూభ్రమణం పరమాణు గడియారాలంత నిలకడగా సాగకపోవడం వల్ల కలిపిన లీపు సెకన్లు, ఆ ఏర్పాటు మొదలైన 1972 నాటికే ఉన్న పది సెకన్ల తేడా కలిసి అంత అయ్యాయి. సాపేక్షతా సవరణలతో వీటిని ఎన్నడూ కలపకూడదు.

అంతర్జాతీయ పరమాణు కాలానికి ప్రమాణం ఏమిటో 1980లో సంబంధిత సంప్రదింపుల సంఘం స్పష్టంగా ప్రకటించింది. భూకేంద్రం ఆధారంగా నిర్వచించిన ఈ నిరూపక కాలానికి, భూమితోపాటు తిరిగే జియాయిడ్ తలం మీద సాధించిన సెకనే ప్రమాణం. జియాయిడ్ అంటే సగటు సముద్ర మట్టానికి చాలా దగ్గరగా, ఖండాల కింద కూడా సాగుతుందని ఊహించే సమ పొటెన్షియల్ తలం. కాబట్టి భూమి మీద, భూమి చుట్టూ చేసే లెక్కలన్నిటిలోనూ పోలికకు ఆధారం సముద్ర మట్టంలోని గడియారమే. ఇకపై ‘ముందుకు పోతుంది’ అన్నా, ‘వెనకబడుతుంది’ అన్నా ఆ గడియారంతో పోల్చే అని అర్థం చేసుకోవాలి.

ఎత్తుకు సవరణ

స్థలం ఎత్తును మీటర్లలో తీసుకుని, గురుత్వ త్వరణం 9.8తో గుణించి, కాంతి వేగపు వర్గంతో భాగించాలి. కాంతి వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లు. దాని వర్గం సుమారు 8.988 × 10¹⁶. ప్రతిసారీ ఇంత శ్రమ అక్కరలేకుండా ఒక్క సంఖ్యను గుర్తుంచుకుంటే సరిపోతుంది: మీటరు ఎత్తుకు గడియారం వేగం 1.09 × 10⁻¹⁶ వంతు పెరుగుతుంది. ఆ వంతును రోజులోని 86,400 సెకన్లతో గుణిస్తే రోజువారీ తేడా వస్తుంది. ఇంకా సులభంగా చెప్పాలంటే, కిలోమీటరు ఎత్తుకు రోజుకు 9.4 నానోసెకన్లు.

హైదరాబాద్ ఎత్తు సుమారు 540 మీటర్లు. దాన్ని 1.09 × 10⁻¹⁶తో గుణిస్తే 5.9 × 10⁻¹⁴, రోజుకు 5.1 నానోసెకన్లు, ఏడాదికి సుమారు 1.9 మైక్రోసెకన్లు. లదాఖ్‌లోని హాన్లే ఖగోళ పరిశోధనశాల 4,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ రోజుకు 42 నానోసెకన్లు. అమెరికాలోని బౌల్డర్‌లో జాతీయ ప్రమాణాల సంస్థ ప్రయోగశాల సుమారు 1,650 మీటర్ల ఎత్తున ఉంది కనుక అక్కడి సీజియం ఫౌంటెన్ గడియారాల (సీజియం పరమాణువులను పైకి ఎగజిమ్మి కొలిచే అత్యంత కచ్చితమైన గడియారాల) ఫలితాల నుంచి దాదాపు 1.8 × 10⁻¹³ వంతును తీసివేసి మరీ అంతర్జాతీయ పరమాణు కాలానికి అందిస్తారు. గడియారం ఎత్తున ఉండి వేగంగా నడుస్తుంది కాబట్టి దాని పాఠం నుంచి ఆ మొత్తాన్ని తీసివేయాలి. ఇక్కడ కూడికా తీసివేతా తారుమారైతే తప్పు రెట్టింపవుతుంది.

ఇక్కడ మన ప్రాంతంవారు ప్రత్యేకంగా జాగ్రత్త పడవలసిన విషయం ఒకటి ఉంది. ఉపగ్రహ స్థాన పరికరం తనంతట తాను లెక్కించే ఎత్తు సముద్ర మట్టం నుంచి కాక, భూమి ఆకారానికి గణితపరంగా అమర్చిన దీర్ఘవృత్తజం నుంచి ఉంటుంది. భారతదేశానికి దక్షిణాన హిందూ మహాసముద్రంలో జియాయిడ్ ఆ దీర్ఘవృత్తజానికి నూరు మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. ప్రపంచంలో అంత లోతైన పల్లం మరెక్కడా లేదు. దాని ప్రభావం తెలుగు నేల వరకూ వ్యాపించి ఉండడంతో, హైదరాబాద్ వద్ద రెండు ఎత్తుల మధ్య తేడా 75 మీటర్లకు అటూఇటూగా ఉంటుంది. పరికరం ఇచ్చిన దీర్ఘవృత్తజపు ఎత్తును నేరుగా లెక్కలో వేస్తే 8 × 10⁻¹⁵ వంతు తప్పు దొర్లుతుంది. ఫౌంటెన్ గడియారపు కచ్చితత్వంతో చూస్తే ఇది చాలా పెద్ద తప్పు. అందువల్ల పరికరం చూపే ఎత్తు ఏ ఆధారం నుంచి లెక్కించిందో తెలుసుకుని, సముద్ర మట్టం నుంచి ఎత్తునే వాడాలి.

సవరణ అవసరమా కాదా అన్నది గడియారపు నాణ్యతను బట్టి నిర్ణయించుకోవాలి. రోజుకు అర సెకను తప్పే క్వార్ట్జ్ గడియారానికి ఈ లెక్క వృథా శ్రమ. మార్కెట్‌లో దొరికే మేలైన సీజియం గడియారాల కచ్చితత్వం 10⁻¹³ల స్థాయిలో ఉంటుంది కనుక హైదరాబాద్ ఎత్తు ప్రభావం ఆ అనిశ్చితిలోనే కలిసిపోతుంది. సూక్ష్మతరంగాలకు బదులు కాంతి పౌనఃపున్యంతో నడిచే ఆప్టికల్ గడియారాల సంగతి పూర్తిగా వేరు. 1960లో హార్వర్డ్‌లో పౌండ్, రెబ్కా 22.5 మీటర్ల గోపురంలో ఇనుము-57 వెలువరించే గామా కిరణాలతో ఈ ప్రభావాన్ని తొలిసారి ప్రయోగశాలలో కొలిచారు. మన సూత్రం ప్రకారం ఆ ఎత్తుకు వచ్చేది 2.45 × 10⁻¹⁵ మాత్రమే. 2010లో బౌల్డర్‌లో అల్యూమినియం అయాన్ గడియారాన్ని 33 సెంటీమీటర్లు పైకి ఎత్తితే కలిగిన తేడాను గుర్తించారు. 2022లో అదే ఊళ్ళో స్ట్రాన్షియం పరమాణువుల గుంపులో మిల్లీమీటరు మేర ఎత్తు తేడా ప్రభావాన్ని కూడా కొలవగలిగారు. ఆ స్థాయిలో బల్ల ఎత్తును కూడా లెక్కలో చేర్చవలసి వస్తుంది.

వేగానికి సవరణ, భూభ్రమణంతో వచ్చే చిక్కు

కదిలే గడియారం వెనకబడుతుంది. ఎంత వెనకబడుతుందో తెలియడానికి వేగపు వర్గాన్ని కాంతి వేగపు వర్గానికి రెట్టింపుతో భాగించాలి. కాంతి వేగానికి చాలా తక్కువగా ఉన్నంతవరకూ ఈ సులభ రూపం చాలు. కానీ ఏ వేగాన్ని వాడాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. వాడవలసింది నేలతో పోల్చిన వేగం కాదు. భూకేంద్రం నుంచి చూస్తూ, భూమితోపాటు తిరగని చట్రంలో కనిపించే వేగం. నేల మీద నిలబడ్డ గడియారం కూడా ఆ చట్రంలో కదులుతూనే ఉంటుంది. భూమధ్యరేఖ వద్ద ఆ వేగం సెకనుకు 465 మీటర్లు, హైదరాబాద్ అక్షాంశం వద్ద సుమారు 444 మీటర్లు.

ఇది చూసి, నేల మీది గడియారానికి కూడా భూభ్రమణ సవరణ విడిగా కలపాలేమో అనిపించడం సహజం. 1905 నాటి వ్యాసంలో ఐన్‌స్టీనే భూమధ్యరేఖ వద్ద ఉంచిన గడియారం ధ్రువం వద్దనున్న దానికన్నా కొద్దిగా నెమ్మదిగా నడుస్తుందని రాశారు. అప్పటికి గురుత్వ ప్రభావం ఆ సిద్ధాంతంలో లేదు. నిజానికి భూభ్రమణం వల్లనే భూమి మధ్యలో ఉబ్బింది. ఆ ఉబ్బు వల్ల భూమధ్యరేఖ భూకేంద్రానికి దూరమై అక్కడి గడియారం కొంత వేగం పుంజుకుంటుంది. భ్రమణం వల్ల పోగొట్టుకున్నదీ, ఉబ్బు వల్ల పొందినదీ జియాయిడ్ మీద సరిసమానమవుతాయి. అందుకే సముద్ర మట్టంలోని గడియారాలన్నీ, అక్షాంశం ఏదైనా, ఒకే వేగంతో నడుస్తాయి. నేల మీది గడియారానికి ఎత్తు సవరణ ఒక్కటే చాలు. భ్రమణాన్ని మళ్ళీ కలపకూడదు. కాలాన్ని కొలవడంలో ఇంత అందమైన సర్దుబాటు మరొకటి నాకు తెలియదు.

విమానం విషయంలో ఆ సర్దుబాటు వర్తించదు. హైదరాబాద్ అక్షాంశం మీద 10 కిలోమీటర్ల ఎత్తున, నేలతో పోల్చి సెకనుకు 250 మీటర్ల వేగంతో నేరుగా తూర్పుకు వెళ్ళే విమానాన్ని తీసుకుందాం. ఎత్తు వల్ల కలిగే లాభం 1.09 × 10⁻¹². వేగం విషయంలో, విమానం మొత్తం వేగమైన 694 వర్గం నుంచి నేల వేగమైన 444 వర్గాన్ని తీసివేసి, కాంతి వేగపు వర్గానికి రెట్టింపుతో భాగిస్తే 1.58 × 10⁻¹² నష్టం వస్తుంది. మొత్తం మీద 4.9 × 10⁻¹³ నష్టం, గంటకు 1.8 నానోసెకన్లు వెనక్కి. అదే విమానం పడమరకు వెళ్తే దాని మొత్తం వేగం 194కు తగ్గుతుంది, అంటే నేల మీది గడియారం కన్నా అదే నెమ్మదిగా కదులుతుంది. అప్పుడు వేగం వల్ల కూడా 0.89 × 10⁻¹² లాభమే. రెండూ కలిపి గంటకు 7.1 నానోసెకన్లు ముందుకు. 1971లో హాఫెలే, కీటింగ్ సీజియం గడియారాలను ప్రయాణికుల విమానాల్లో ప్రపంచం చుట్టూ తిప్పినప్పుడు తూర్పు ప్రయాణంలో అవి 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమటి ప్రయాణంలో 273 నానోసెకన్లు ముందుకు వెళ్ళాయి. సిద్ధాంతం అంచనా వేసినవి 40 వెనక్కి, 275 ముందుకు. కొలతలోనూ అంచనాలోనూ ఉన్న అనిశ్చితులను పరిగణిస్తే రెండూ పొసిగాయి. దిక్కును బట్టి ఫలితం ఎందుకు మారిందో పై లెక్క ఒకసారి చేసి చూసినవారికి స్పష్టమవుతుంది.

రెండు ప్రయోగశాలల గడియారాలను రేడియో సంకేతాలతోనో, తంతువుల ద్వారానో పోల్చేవారికి ఇంకొక సవరణ ఉంది. సంకేతం ప్రయాణిస్తుండగానే భూమి తిరుగుతుంది కాబట్టి, సంకేతపు బాట భూమి అక్షం చుట్టూ భూమధ్యరేఖా తలం మీద ఎంత వైశాల్యాన్ని చుడుతుందో చూసి, చదరపు కిలోమీటరుకు 1.62 × 10⁻¹⁵ సెకన్ల చొప్పున సవరించాలి. భూమధ్యరేఖ వెంట పూర్తిగా ఒక చుట్టు తిరిగితే అది 207 నానోసెకన్లు అవుతుంది. తూర్పుకు వెళ్ళే సంకేతానికి అంత ఎక్కువ కాలం, పడమరకు వెళ్ళేదానికి అంత తక్కువ కాలం పడుతుంది. దీనికి సాన్యాక్ ప్రభావమని పేరు.

ఉపగ్రహానికి సవరణ

ఉపగ్రహం దగ్గరకు వచ్చేసరికి గురుత్వ త్వరణాన్ని ఎత్తుతో గుణించే పద్ధతి పనికిరాదు. ఎత్తు పెరిగేకొద్దీ ఆ త్వరణం తగ్గిపోతుంది. దానికి బదులు మరింత సులభమైన దారి ఉంది. భూమి గురుత్వ స్థిరాంకాన్ని, అంటే విశ్వ గురుత్వ స్థిరాంకాన్ని భూమి ద్రవ్యరాశితో గుణించినదాన్ని, కాంతి వేగపు వర్గంతో భాగిస్తే వచ్చేది ఒక పొడవు, కేవలం 4.435 మిల్లీమీటర్లు. వృత్తాకార కక్ష్యకు ఆ పొడవును భూకేంద్రం నుంచి కక్ష్య వ్యాసార్ధంతో భాగించి, ఒకటిన్నరతో గుణించి, వచ్చినదాన్ని 6.969 × 10⁻¹⁰ నుంచి తీసివేయాలి. ఒకటిన్నరలోని ఒకటి గురుత్వానిది, అర భాగం వేగానిది. 6.969 × 10⁻¹⁰ అన్నది, భూమికి అతి దూరాన నిశ్చలంగా ఉన్న గడియారంతో పోల్చినప్పుడు సముద్ర మట్టంలోని గడియారం వెనకబడే వంతు. అందులో భూభ్రమణ ప్రభావం కూడా చేరి ఉంది.

జీపీఎస్ కక్ష్య వ్యాసార్ధం దాదాపు 26,560 కిలోమీటర్లు. భాగిస్తే 1.670 × 10⁻¹⁰, ఒకటిన్నర రెట్లు 2.505 × 10⁻¹⁰, తీసివేయగా మిగిలేది 4.465 × 10⁻¹⁰. రోజుకు 38.6 మైక్రోసెకన్లు ముందుకు పోతుందన్నమాట. గురుత్వం వల్ల 45.8 ముందుకు, వేగం వల్ల 7.2 వెనక్కి. అందుకే జీపీఎస్ ఉపగ్రహ గడియారపు మూల పౌనఃపున్యాన్ని 10.23 మెగాహెర్ట్జ్‌కు బదులు 10.22999999543 మెగాహెర్ట్జ్‌గా నేల మీదనే అమర్చి పంపుతారు. 1977 జూన్‌లో ప్రయోగించిన ఎన్‌టీఎస్-2 ఉపగ్రహంలో ఈ సవరణను కావాలనే ఇరవై రోజులపాటు ఆపి ఉంచి చూశారు, అంచనా 4.465 × 10⁻¹⁰ కాగా కొలతలో 4.425 × 10⁻¹⁰ వచ్చింది. సవరణ యంత్రాంగాన్ని ఆ తరువాతే పనిలోకి దించారు.

శ్రీహరికోట నుంచి 2013 జూలైలో తొలి ఉపగ్రహంతో మొదలైన మన నావిక్ వ్యవస్థ భూస్థిర, భూసమకాలిక కక్ష్యల్లో ఉంది; వ్యాసార్ధం 42,164 కిలోమీటర్లు. అదే వరసలో లెక్కిస్తే 1.052 × 10⁻¹⁰, 1.578 × 10⁻¹⁰, చివరకు 5.391 × 10⁻¹⁰. రోజుకు 46.6 మైక్రోసెకన్లు. 2023 మే నెలలో ప్రయోగించిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంలో దేశీయంగా తయారైన రుబిడియం గడియారం ఉంది; దానికీ ఈ భౌతికశాస్త్రమే వర్తిస్తుంది. సుమారు 410 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి ఇదే లెక్క చేస్తే ఫలితం రుణాత్మకం అవుతుంది: రోజుకు 24.5 మైక్రోసెకన్లు వెనక్కి. వేగమూ గురుత్వమూ సమతూకమయ్యే కక్ష్య సుమారు 3,170 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ ఎత్తును పాఠకులే పై సూత్రం నుంచి రాబట్టి చూడడం మంచి అభ్యాసం.

ఈ సవరణ చేయకపోతే జీపీఎస్ స్థానం రోజుకు 11 కిలోమీటర్లు తప్పుతుందని తరచు రాస్తుంటారు. 38.6 మైక్రోసెకన్లలో కాంతి 11.6 కిలోమీటర్లు పోతుందన్న మాట నిజమే కానీ, అంతటి తప్పు స్థానంలో కనిపించదు. స్వీకరించే పరికరం నాలుగు ఉపగ్రహాల సంకేతాలతో తన స్థానంతోపాటు తన గడియారపు తప్పును కూడా కనుక్కుంటుంది. అన్ని ఉపగ్రహాలకూ సమానమైన తప్పు ఆ గడియారపు పద్దులోకి వెళ్ళిపోతుంది. ఉపగ్రహం సెకనుకు దాదాపు 3.9 కిలోమీటర్లు కదులుతుంది కనుక, వేళ తప్పడం వల్ల ఉపగ్రహం ఎక్కడుందో లెక్కించడంలో రోజుకు 15 సెంటీమీటర్ల మేర తప్పు పేరుకుంటుంది. అసలు నష్టం కాలానిది: జీపీఎస్ నుంచి వేళ తీసుకునే టెలిఫోన్, విద్యుత్ వ్యవస్థలకు రోజుకు 38.6 మైక్రోసెకన్ల చొప్పున తప్పుడు వేళ అందుతుంది. సవరణ అవసరాన్ని చాటడానికి ఈ నిజమే చాలు. పెద్ద అంకె కోసం కానిదాన్ని చెప్పనక్కరలేదు.

కక్ష్య సంపూర్ణ వృత్తం కానప్పుడు మరో చిన్న సవరణ తోడవుతుంది. జీపీఎస్ కక్ష్యకు 2.29 మైక్రోసెకన్లను ఉత్కేంద్రతతో (కక్ష్య వృత్తం నుంచి ఎంత సాగిందో తెలిపే సంఖ్యతో) గుణిస్తే వచ్చేంత మేర గడియారం ఒక్కో పరిభ్రమణంలో అటూఇటూ ఊగుతుంది, ఉత్కేంద్రత 0.01 అయితే 23 నానోసెకన్లు, దూరంలో చెప్పాలంటే దాదాపు 7 మీటర్లు. ఇది ఉపగ్రహానికో తీరున ఉంటుంది కాబట్టి స్థానంలో నేరుగా కనిపిస్తుంది. ఈ సవరణ స్వీకరించే పరికరమే చేసుకోవాలి. 2014లో ఐరోపా స్థాన వ్యవస్థ అయిన గెలీలియోకు చెందిన రెండు ఉపగ్రహాలు పొరపాటున బాగా సాగిన కక్ష్యలో పడినప్పుడు, ఆ ఊగిసలాటనే ఆధారం చేసుకుని శాస్త్రవేత్తలు సాపేక్షతను అంతకుముందెన్నడూ లేనంత నిశితంగా పరీక్షించారు.

ఫలితం పక్కన ఏ ప్రమాణం రాయాలి?

లెక్క పూర్తయ్యాక చివర ‘సెకన్లు’ అని రాస్తే సరిపోతుందని అనుకుంటాం. ప్రమాణం సెకనే, దాంతోపాటు ఏ కాలమానంలోని సెకన్లో కూడా చెప్పాలి. 1991లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య భూకేంద్ర నిరూపక కాలాన్నీ, సౌరకుటుంబ ద్రవ్యకేంద్రపు నిరూపక కాలాన్నీ, భూమి మీది పరిశీలనలకు పనికొచ్చే భౌమ కాలాన్నీ నిర్వచించింది. భౌమ కాలం అంతర్జాతీయ పరమాణు కాలానికి 32.184 సెకన్లు ముందుంటుంది. మూడూ 1977 జనవరి 1న ఒకే బిందువు నుంచి మొదలవుతాయి. తరువాత భూకేంద్ర కాలం భౌమ కాలాన్ని రోజుకు 60.2 మైక్రోసెకన్ల చొప్పున, ద్రవ్యకేంద్రపు కాలం ఏడాదికి దాదాపు అర సెకను చొప్పున దాటి ముందుకు పోతాయి.

దీని పర్యవసానం సెకన్ల దగ్గరే ఆగదు. భూమి గురుత్వ స్థిరాంకాన్ని భూకేంద్ర కాలంతో వాడితే 3.986004418 × 10¹⁴ అనీ, భౌమ కాలంతో వాడితే 3.986004415 × 10¹⁴ అనీ, గ్రహాల పంచాంగాలకు వాడే ద్రవ్యకేంద్ర గతి కాలంతో (సగటున భౌమ కాలంతో సమానంగా నడిచేలా సర్దిన ద్రవ్యకేంద్రపు కాలంతో) వాడితే 3.986004356 × 10¹⁴ అనీ రాస్తారు. మూడింటికీ ప్రమాణం ఒకటే: ఘనమీటర్లను సెకను వర్గంతో భాగించినది. భూమి ద్రవ్యరాశి మారలేదు, మీటరూ మారలేదు. కాలమానాన్ని మార్చినప్పుడు కాంతి వేగం అదే అంకెగా నిలవాలంటే దూరాలనూ అదే నిష్పత్తిలో మార్చాలి; దాంతో స్థిరాంకమూ మారుతుంది. భూమి వ్యాసార్ధం మీద భౌమ, భూకేంద్ర కాలమానాల మధ్య ఈ తేడా నాలుగున్నర మిల్లీమీటర్లు. లేజర్‌తో ఉపగ్రహ దూరాలు కొలిచేవారికి అది లెక్కించదగిన పరిమాణమే. అందువల్ల పట్టికలోంచి ఒక స్థిరాంకాన్ని తీసుకునే ముందు, అది ఏ కాలమానానికి చెందినదో చూసుకోవడం అత్యవసరం. ఒక పట్టికలోని స్థిరాంకాన్ని మరో కాలమానంలోని సమయంతో కలిపి వాడడమే ఇలాంటి లెక్కల్లో అన్నిటికన్నా కనిపెట్టడానికి కష్టమైన తప్పు.

మీటరుకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. 1983 నుంచి మీటరు అంటే కాంతి శూన్యంలో సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో ప్రయాణించే దూరం. సెకను స్థానికం కనుక మీటరూ స్థానికమే. గురుత్వ క్షేత్రంలోని అసమానత పట్టించుకోనక్కరలేనంత చిన్న ప్రాంతానికే ఆ నిర్వచనం నేరుగా వర్తిస్తుందని తూనికలు, కొలతల అంతర్జాతీయ సంఘం 2002లో స్పష్టం చేసింది. అంతకన్నా పెద్ద దూరాలకు చెప్పే మీటర్లు ఒక నిరూపక వ్యవస్థను ఎంచుకున్నాకే అర్థవంతమవుతాయి.

చంద్రుని మీది గడియారానికి ఇదే పద్ధతిని వాడి చూడవచ్చు. సముద్ర మట్టం నుంచి పూర్తిగా బయటపడినందుకు రోజుకు 60.2 మైక్రోసెకన్ల లాభం. చంద్రుని సొంత గురుత్వానికి, 0.0546 మిల్లీమీటర్లను 1,737 కిలోమీటర్లతో భాగిస్తే 3.14 × 10⁻¹¹, రోజుకు 2.7 మైక్రోసెకన్ల నష్టం. భూమి చుట్టూ 3,84,400 కిలోమీటర్ల దూరాన తిరుగుతున్నందుకు, ఒకటిన్నర సూత్రం ప్రకారం, మరో ఒకటిన్నర మైక్రోసెకన్ల నష్టం. మిగిలేది రోజుకు సగటున 56 మైక్రోసెకన్లు. 2024లో అమెరికా అధ్యక్ష కార్యాలయం చంద్రునికి ప్రత్యేక ప్రామాణిక కాలాన్ని రూపొందించమని నాసాకు సూచించడానికీ, అదే ఏడాది ఖగోళ సమాఖ్య చంద్ర కాలమానంపై తీర్మానం చేయడానికీ వెనకనున్నది ఈ తేడాయే.

భూమి మీద మాత్రం ఇబ్బంది ఇప్పుడు మరో వైపు నుంచి వస్తోంది. ఒక సెంటీమీటరు ఎత్తుకు 1.09 × 10⁻¹⁸ తేడా వస్తుంది. నేటి ఆప్టికల్ గడియారాలు ఆ స్థాయికి చేరుకున్నాయి. సెకనును ఆప్టికల్ పరివర్తనాల ఆధారంగా తిరిగి నిర్వచించే ప్రతిపాదనను 2030 మహాసభ నాటికి సిద్ధం చేయాలన్న కృషీ సాగుతోంది. కానీ జియాయిడ్ ఎక్కడుందో సెంటీమీటరు కచ్చితత్వంతో అన్ని చోట్లా తెలియదు. పైగా సముద్ర మట్టం మారుతూ ఉంటుంది. ఈ కారణంగానే 2000లో ఖగోళ సమాఖ్య భౌమ కాలం నిర్వచనం నుంచి జియాయిడ్‌ను తప్పించి, భూకేంద్ర కాలంతో దానికుండే నిష్పత్తిని 6.969290134 × 10⁻¹⁰ అన్న స్థిర సంఖ్యతో కట్టివేసింది. ఆ సంఖ్యకు సరిపోయే గురుత్వ పొటెన్షియల్ విలువ, మీటరు వర్గాన్ని సెకను వర్గంతో భాగించిన ప్రమాణంలో, 6,26,36,856.0. భూమాపన శాస్త్రవేత్తలు 2015లో ఎత్తుల కోసం ఆమోదించిన విలువ 6,26,36,853.4. రెండింటి మధ్య తేడా ఎత్తులో చెబితే 27 సెంటీమీటర్లు, గడియారంలో చెబితే 2.9 × 10⁻¹⁷. కాబట్టి 10⁻¹⁶ కన్నా నిశితమైన ఫలితాన్ని నమోదు చేసేటప్పుడు ఎత్తును కేవలం మీటర్లలో రాయకుండా, గడియారం ఉన్న బిందువు పొటెన్షియల్‌ను, దాని అనిశ్చితిని, ఈ రెండు ఆధార విలువల్లో దేని నుంచి కొలిచారో ఆ వివరాన్ని ఫలితం పక్కనే రాయాలి.